బరిలోకి దిగే పిల్లలకు ఊపిరి బలం

కుస్తీ, జూడో, బాక్సింగు, కరాటే, తైక్వాండో వంటి ఆటలు నేర్చే పిల్లల తల్లిదండ్రులు వైద్యుని వద్దకు వచ్చినప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మావాడికి చేతుల్లో బలముంది, కాళ్ళలో బలముంది. కాని రెండు నిమిషాలు గడిచేసరికి ఆయాసం వచ్చి చేతులు వాలిపోతున్నాయి. బలానికి ఏ లేహ్యం పెట్టమంటారు?" లేహ్యం సంగతి తరువాత చూద్దాము. చేతులు వాలిపోవడానికి కారణం చేతుల్లోనే ఉన్నదని అనుకోవడం సరి కాదు. చాలా సందర్భాలలో ముందుగా అలసిపోయేవి శ్వాసను నడిపే కండరాలు. ఈ పాఠంలో ఆ కండరాలకు బలమిచ్చే పద్ధతిని, ఆ పేరుతో పిల్లలకు హాని చేసే పద్ధతిని వేరుచేసి చెప్పదలచాను.

మా ప్రాంతానికి ఈ విషయం నేడు మరింత అవసరమైనది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడ్డాయి. జిల్లా కేంద్రాలైన తరువాత ఈ పట్టణాలలో పిల్లలను ఆటలకు పంపే కుటుంబాలు పెరిగాయి. నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ బాక్సింగు విజేతగా నిలిచిన పిమ్మట, ఆడపిల్లలను సైతం బరికి పంపడానికి మధ్యతరగతి గృహస్థులు ముందుకు వస్తున్నారు. ఇది సంతోషించదగిన మార్పు. అయితే ఆట పెరిగినంత వేగంగా ఆరోగ్యజ్ఞానం పెరగలేదు.

శ్వాసను నడిపే కండరాలు

ఊపిరితిత్తులకు తమంతట తాము కదిలే శక్తి లేదు. వాటిని విప్పి ముడిచేవి చుట్టూ ఉన్న కండరాలు. వీటిలో ముఖ్యమైనది ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగు వలె పరచుకొని ఉండే ఉదరవితానం. దీనినే డయాఫ్రం అంటారు. అది కిందికి దిగినప్పుడు పొట్ట ముందుకు వస్తుంది, గాలి లోనికి వెళుతుంది. నెమ్మదిగా కూర్చొని ఉన్నప్పుడు మనం తీసుకొనే గాలిలో అధికభాగం ఈ ఒక్క కండరం పనివలననే వస్తుంది. దానికి తోడుగా పక్కటెముకల మధ్య కండరాలు, శ్రమ ఎక్కువైనప్పుడు మెడ, భుజాల కండరాలు కూడ పనిచేస్తాయి.

విశ్రాంతిలో ఉన్న పెద్దవాని ఊపిరితిత్తులలోనికి నిమిషానికి 6 నుండి 8 లీటర్ల గాలి వెళుతుంది. తీవ్రమైన పోటీలో అది 100 లీటర్లు దాటుతుంది. ఇంత గాలిని లాగవలసిన కండరాలు తామే చాలా ప్రాణవాయువును వినియోగించుకుంటాయి. గరిష్ఠ శ్రమలో శరీరం వాడుకొనే ప్రాణవాయువులో పదోవంతు మొదలు ఆరింట ఒక వంతు వరకు శ్వాసకండరాలకే చెల్లుతుంది.

ఇక్కడొక విశేషమున్నది. శ్వాసకండరాలు అలసినప్పుడు శరీరం వాటి రక్షణకై కాళ్ళు, చేతుల రక్తనాళాలను కొంత కుదించి, ఆ రక్తాన్ని శ్వాసకండరాల వైపు మళ్ళిస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో సైకిలు తొక్కే వారిపై దీనిని పరీక్షించి చూపారు. శ్వాసభారం పెంచితే కాళ్ళకు రక్తం తగ్గింది, శ్వాసభారం తగ్గిస్తే పెరిగింది. ప్రాణం నిలవడానికి ఊపిరి ముఖ్యము, కాళ్ళు తరువాతివి. శరీరం చేసే లెక్క ఇదే. అందువలననే బరిలో ఆయాసం వచ్చిన పిల్లవాని కాళ్ళు బరువెక్కుతాయి, పట్టు సడలుతుంది.

మల్లక్రీడలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పరుగుపందెంలో ఛాతీ స్వేచ్ఛగా ఉంటుంది. కుస్తీలోనైతే ప్రత్యర్థి బరువు ఛాతీ మీద పడుతుంది, నడుము పట్టులో పొట్ట నొక్కుకుపోతుంది. వంగిన భంగిమలో ఉదరవితానం కిందికి దిగడానికి చోటు చాలదు. కుస్తీకి మూడేసి నిమిషాల రెండు భాగాలు, నడుమ 30 సెకండ్ల విరామం. బాక్సింగులో మూడు నిమిషాల రౌండ్లు, నడుమ ఒక నిమిషం. ఆ విరామంలో ఊపిరిని కుదుటపరచుకొన్నవాడే తరువాతి భాగంలో నిలబడతాడు.

శాస్త్రం చెప్పిన మూడు మాటలు

మన సంహితలలో శ్వాసకండరాలకు ప్రత్యేక సాధన పేరుతో అధ్యాయం లేదు. కాని ఈ విషయానికి నేరుగా వర్తించే మూడు మాటలున్నాయి. వాటిని భావరూపంలో చెబుతాను.

మొదటిది అర్ధబలం. వ్యాయామాన్ని తన శక్తిలో సగం మేరకే చేయాలని సుశ్రుతుడు, వాగ్భటుడు ఇద్దరూ చెప్పారు. సగం అయినదని తెలిసేదెట్లు? హృదయస్థానంలోని వాయువు నోటికి చేరడం, అనగా ముక్కుతో చాలక నోటితో ఊపిరి తీయవలసి రావడం గుర్తని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం కూడ లక్షణాలుగా పెద్దలు చెబుతారు. గడియారము, యంత్రము లేని కాలంలో శ్వాసనే కొలబద్దగా నిలిపారన్నమాట. పోటీకి సిద్ధమయ్యేవాడు ఏదో ఒక రోజు ఈ హద్దు దాటక తప్పదు. కాని నిత్యసాధన అంతా హద్దు దాటి చేయించరాదు.

రెండవది వేగధారణ నిషేధం. బలవంతంగా ఆపకూడని వేగాలలో శ్రమశ్వాసను, అనగా శ్రమవలన వచ్చిన ఆయాసాన్ని చరకుడు చేర్చాడు. దానిని ఆపితే గుల్మము, హృద్రోగము, సమ్మోహము కలుగుతాయన్నాడు. సమ్మోహమంటే తెలివి తప్పడం. దీనికి చికిత్సగా విశ్రాంతిని, వాతహరక్రియలను విధించాడు.

మూడవది ప్రాణవహ స్రోతస్సులు చెడడానికి కారణాలు. ధాతుక్షయము, వేగధారణము, రూక్షత, ఆకలితో ఉండగా వ్యాయామం చేయడం అని చరకుడు విమానస్థానంలో లెక్కించాడు. బరువు తగ్గించుకోవడానికి తిండి మాని, నీరు మాని, చెమట పట్టేటట్లు పరుగెత్తే నేటి పిల్లవానిని చూసి రాసినట్లుగా ఈ జాబితా ఉన్నది.

బలం ఉరస్సులో ఉండే ఉదానవాయువు పని అని కూడ వాగ్భటుడు చెప్పాడు. మాట, ప్రయత్నము, ఉత్సాహము, బలము దాని ఆధీనాలు. అందుచేత ఛాతీకి బలమివ్వడమంటే ప్రయత్నశక్తికే బలమివ్వడమని మా గురుకులంలో బోధించేవారు. ఆధునికులు రక్తప్రసరణ లెక్కతో చెప్పిన దానికి ఈ మాట దూరమైనది కాదు.

బిగబట్టడం వేరు, బలమివ్వడం వేరు

ఇది ఈ పాఠంలో ముఖ్యభాగం. ఊపిరికి బలమంటే ఊపిరిని ఎక్కువసేపు బిగబట్టడమని మన పల్లెలలో ఒక నమ్మకమున్నది. దీనికి చెడుగుడు కూత ఒక కారణం కావచ్చు. ఒకే ఊపిరిలో కూత పెట్టి ఎదుటి పక్షంలోనికి వెళ్ళి రావడం గొప్ప నేర్పే. నేటి కబడ్డీలో కూతకు 30 సెకండ్ల గడువున్నది. అయితే కూత అనేది ఊపిరిని మెల్లగా వదలడంలో నిగ్రహం. మల్లుని అలసటకు ముఖ్యకారణం లోనికి లాగే కండరాలు అలసిపోవడం. కూత బాగా పట్టేవాడు కుస్తీలో ఆయాసపడకుండా ఉంటాడన్న నియమం లేదు.

రెండవ కారణం మన కోడి రామమూర్తి నాయుడుగారి కీర్తి. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1882లో జన్మించి, 1942లో గతించిన ఆ మహామల్లుడు ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవారు. ఏనుగును ఛాతీపై నిలుపుకొనేవారు. ఆయనను తలచుకొంటే తెలుగువారికి నేటికీ గర్వమే. కాని ఆ ప్రదర్శనల వెనుక ఏళ్ళ తరబడి సాగిన శరీరసాధన, పెద్దవయసుకు వచ్చిన దేహము ఉన్నాయి. పదమూడేళ్ళ బాలుడు ఆ కథ విని గుండెలపై మనిషిని నిలబెట్టుకొని ఊపిరి బిగబట్టడం సాధన కాదు, ప్రమాదం.

కొందరు శిక్షకులు పరుగు ముగిసిన వెంటనే, పిల్లలు రొప్పుతుండగానే, "ముక్కు మూసుకొని ఇరవై లెక్కపెట్టండి" అని ఆజ్ఞాపించడం నేను విన్నాను. అట్లా చేసి కళ్ళు తిరిగి పడిన పిల్లలను చూశాను. చరకుడు నిషేధించినది సరిగా దీనినే. శ్రమచేసిన కండరాలలో చేరిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోవలసిన సమయమది. గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటున్నది. అటువంటప్పుడు శ్వాసను బంధిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. కళ్ళు తిరగడానికి అదొక కారణం. నీటిలో మునిగి ఊపిరి బిగబట్టే పందేలు మరింత ప్రమాదకరము. కృష్ణ, తుంగభద్ర నదుల ఒడ్డున, చెరువుల పక్కన పెరిగే మన పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పవలెను. నీటి అడుగున తెలివి తప్పితే కేక వేయడానికి కూడ వీలుండదు.

బలమివ్వడమంటే ఏమిటి? చేతికి బలం కావలెనంటే చేతితో బరువెత్తుతాము. అదే విధంగా లోనికి లాగే గాలికి కొంత అడ్డు కల్పించి, ఆ అడ్డును దాటి లాగడమే శ్వాసకండరాలకు వ్యాయామం. విశ్రాంతిగా ఉన్న సమయంలో, లెక్కప్రకారం, మధ్యమధ్య విరామంతో దీనిని చేయవలెను. ఇందుకోసం బిగువు పెంచుకొనే వీలున్న చిన్న యంత్రాలు వచ్చాయి. 2001లో ఇంగ్లండులో పడవలు నడిపే క్రీడాకారిణులపై వెలువడిన పరిశోధనలో రోజుకు రెండు పూటలు, పూటకు 30 శ్వాసలు, తమ గరిష్ఠ బలంలో సుమారు సగం బిగువుతో 11 వారాలు సాధన చేయించారు. నామమాత్రపు బిగువుతో చేసినవారికంటే వారు ఆరు నిమిషాల పూర్తిస్థాయి శ్రమలో మెరుగ్గా నిలిచారు. కుస్తీ పోటీ నిడివి కూడ ఆరు నిమిషాలే. మల్లక్రీడలవారిపై జరిగిన పరిశోధనలు చిన్నవి. వాటిని బట్టి శ్వాసకండరాల బలం పెరుగుతుందని చెప్పవచ్చును గాని, పతకం ఖాయమని చెప్పరాదు. సగం బిగువుతో సాధన అనే నియమం మన అర్ధబల సూత్రంతో సరిపోలడం గమనింపదగినది.

మన ప్రాణాయామంలోనూ ఈ అడ్డు ఉన్నది. ఉజ్జాయిలో కంఠాన్ని కొంచెం ముడిచి గాలి తీస్తాము. ఒక ముక్కు మూసి రెండవ ముక్కుతో తీసినప్పుడు దారి ఇరుకవుతుంది. ఈ అడ్డు యంత్రమంత గట్టిది కాదు, దానిని కొలవలేము. కాని శ్వాసకు దారి నేర్పడానికి, మనసును నిలపడానికి ఇంతకు మించిన మొదటి మెట్టు లేదు.

ఆయాసమంతా ఒకటి కాదు

సాధన మొదలు పెట్టకముందు పిల్లవాని ఆయాసం ఏ రకమో తెలుసుకొనవలెను. చరకుడు శ్వాసరోగాలను ఐదుగా విభజించాడు. వాటిలో క్షుద్రశ్వాస శ్రమవలన, రూక్షాహారం వలన పుట్టేది. విశ్రాంతితో తగ్గుతుంది, ప్రమాదం లేదు. తమకశ్వాస అట్లా కాదు. గొంతులో గురగుర, పిల్లికూతలు, దగ్గు, పడుకొంటే ఎక్కువై కూర్చుంటే తగ్గడం, మబ్బు పట్టినా చలిగాలి వీచినా పెరగడం దీని లక్షణాలు. నేడు ఆస్తమా అంటున్నది ఎక్కువగా దీనికే సరిపోలుతుంది.

ఆట ఆపిన ఐదు, పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు మొదలవుతుంటే అది శ్రమవలన శ్వాసనాళాలు ముడుచుకుపోవడం. ఇటువంటి పిల్లవానిని "దమ్ము లేదు" అని మందలించి మరింత పరుగెత్తించడం అన్యాయం. అతనిని ఊపిరితిత్తుల వైద్యునికి చూపవలెను. పత్తి, వరి కోతల కాలంలోను, జిన్నింగు మిల్లులు, పల్లీల మిల్లుల సమీపంలోను దుమ్ము ఎక్కువ. సాధనస్థలం వాటికి దూరంగా ఉండవలెను.

ఛాతీలో నొప్పి, శ్రమ మధ్యలో స్పృహ తప్పడం, కుటుంబంలో చిన్నవయసులో ఆకస్మిక మరణం, వీటిలో ఏది ఉన్నా గుండె పరీక్ష చేయించకుండా ఆటకు పంపరాదు. ఊపిరితిత్తి కుంగిన చరిత్ర, చెవి గూబకు చిల్లు, ఇటీవల పక్కటెముక విరగడం, తలకు దెబ్బ తగలడం, జ్వరం, చెవి లేక ముక్కు ఇన్‌ఫెక్షను ఉన్నవారు బిగువుతో కూడిన శ్వాససాధన చేయరాదు.

ఆరు వారాల సాధనాక్రమం

పన్నెండేళ్ళు నిండని పిల్లలకు మొదటి మెట్టు చాలును. పన్నెండు దాటినవారు రెండవ మెట్టు వరకు, పదునాలుగు దాటినవారు వైద్యుని పరీక్ష తరువాత మూడవ మెట్టు వరకు వెళ్ళవచ్చును. భోజనమైన రెండు గంటల తరువాత చేయవలెను. ఆకలితో నకనకలాడుతూ చేయరాదు. ఏ మెట్టులోనూ కుంభకం లేదు.

మొదటి మెట్టు, 1, 2 వారాలు. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడవవలెను. ఒక అరచేయి బొడ్డుపైన, ఒకటి ఛాతీపైన ఉంచుకొని ముక్కుతో నాలుగు లెక్కించే వరకు గాలి తీయవలెను. బొడ్డుపై చేయి లేవాలి, ఛాతీపై చేయి దాదాపు కదలరాదు. ఆరు లెక్కించే వరకు వదలవలెను. ఉదయం, సాయంత్రం ఐదేసి నిమిషాలు. పట్టుబడిన తరువాత పొట్టపై అరకిలో బరువు గల పుస్తకాన్ని ఉంచుకొని చేయవచ్చును. ఇదే శ్వాసను కూర్చొని, నిలబడి, చివరకు తమ ఆటలో నిలిచే భంగిమలో వంగి చేయవలెను. చాలామంది ఈ చివరి భాగాన్ని వదిలివేస్తారు. మల్లునికి అవసరమైనది అదే.

రెండవ మెట్టు, 3, 4 వారాలు. వెన్ను నిటారుగా ఉంచి కూర్చొని, ఉజ్జాయి పద్ధతిలో పొట్ట నిండేటట్లు గాలి తీసి, నెమ్మదిగా వదలవలెను. 15 శ్వాసలు, రెండు నిమిషాల విరామం, మరల 15. సాయంత్రం ఇదే లెక్కతో ఒక ముక్కున తీసి, రెండు ముక్కులా వదలవలెను. ముక్కు మార్చుకుంటూ చేయవలెను. మెడనరాలు ఉబికినా, భుజాలు పైకి లేచినా బలప్రయోగం ఎక్కువైనదని గుర్తు.

మూడవ మెట్టు, 5, 6 వారాలు. యంత్రం ఉన్నవారు తక్కువ బిగువుతో మొదలు పెట్టి, 30 శ్వాసలు చివర కష్టంగా పూర్తయ్యేటట్లు బిగువును అమర్చుకొనవలెను. 30 పూర్తి కాకపోతే తగ్గించవలెను, సులువైతే కొంచెం పెంచవలెను. వారానికి ఐదు రోజులు, రెండు పూటలు. తల తిరిగినట్లయితే ఆపి, మామూలుగా శ్వాసించవలెను. వేగంగా గాలి వదలడం దానికి కారణం కావచ్చును. ఒకరి నోటి గొట్టం మరొకరు వాడరాదు. ఆరు వారాల తరువాత వారానికి మూడు రోజులు చేస్తే చాలును. యంత్రం లేనివారు రెండవ మెట్టునే కొనసాగించవచ్చును. ఆపరేషను తరువాత ఆసుపత్రిలో ఇచ్చే మూడు బంతుల పరికరం చాలా ఇళ్ళలో ఉన్నది. నెమ్మదిగా, నిండుగా గాలి తీయడం నేర్వడానికి అది పనికివస్తుంది గాని, కొలిచిన బిగువు యంత్రానికి బదులు కాదు.

ఫలితం తెలుసుకొనడానికి వారానికొకసారి రెండు నిమిషాలు తాడాట ఆడించి, ఆపిన తరువాత ఒక పొడుగాటి వాక్యాన్ని మధ్యలో ఊపిరి తీయకుండా చెప్పగలగడానికి ఎన్ని సెకండ్లు పట్టినదో నోటుబుక్కులో వ్రాయవలెను. ఆ సంఖ్య తగ్గుతూ వస్తే సాధన ఫలిస్తున్నట్లే.

బరిలో పాటించవలసినవి

దెబ్బ వేసేటప్పుడు, పట్టు బిగించేటప్పుడు గాలి వదలవలెను. కరాటే, తైక్వాండోలలో అరుపు పెట్టించడంలో ఈ ప్రయోజనం కూడ ఉన్నది. ప్రత్యర్థిని ఎత్తే క్షణంలో శ్వాస తానుగా బిగుసుకుంటుంది, అది సహజము. ఎత్తిన తరువాత కూడ బిగబట్టి ఉండడమే తప్పు. తీవ్రశ్రమలో నోటితో ఊపిరి తీయడం అవసరం, దానిని దోషంగా చూడరాదు.

విరామంలో "నిటారుగా నిలబడు, చేతులు తలపై పెట్టు" అని చెప్పడం అలవాటు. చేతులు మోకాళ్ళపై ఆనించి కొంచెం ముందుకు వంగితే గుండె వేగం త్వరగా తగ్గుతుందని మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులపై 2019లో వచ్చిన పరిశోధన తెలిపింది. కూర్చొనే వీలుంటే మోచేతులు తొడలపై ఆనించి, మొదట ఆపకుండా రొప్పనిచ్చి, తరువాత వదిలే గాలిని క్రమంగా పొడిగించవలెను.

ఋతువు, ఆహారము, బరువు

వాగ్భటుడు చలికాలంలోను, వసంతంలోను అర్ధశక్తితో వ్యాయామం చేయమని, మిగతా కాలాలలో ఇంకా తగ్గించమని చెప్పాడు. గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను విడువమన్నాడు. మన వేసవి శిక్షణ శిబిరాలు మాత్రం మే నెలలోనే జరుగుతాయి. గద్వాలలో అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సెలవులు అప్పుడే కనుక శిబిరాలను మార్చడం కష్టమే. అయితే సూర్యోదయానికి ముందు ఒక గంట ఆటకు, పగలు నీడపట్టున శ్వాససాధనకు కేటాయిస్తే శాస్త్రం, సౌకర్యం రెండూ దక్కుతాయి. శ్వాసకండరాలకు బలమిచ్చేందుకు మే నెలకంటె అనుకూలమైన కాలం విద్యార్థికి లేదు.

సాధన తరువాత విశ్రమించి, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ లేదా నిమ్మరసం, పిమ్మట రాగి అంబలి గాని, జొన్నరొట్టె పప్పు గాని ఇవ్వవలెను. సాయంత్రం పల్లీలు, బెల్లం మనకు అందుబాటులో ఉన్న మంచి బలాహారం. వారానికి రెండుసార్లు ఛాతీకి, వీపుకు, పక్కలకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దించి స్నానం చేయిస్తే వాతం శమించి, బిగుసుకున్న పక్కటెముకల కండరాలు సడలుతాయి. దుమ్ములో ఆడేవారు ఉదయం ముక్కులో రెండేసి చుక్కల నువ్వుల నూనె వేసుకోవచ్చును. ఆటకు వెళ్ళే ముందు వద్దు. దగ్గు, కఫం ఉన్నప్పుడు అడ్డసరం ఆకుల రసం ఒక చెంచా, నల్లమల చెంచులు తెచ్చే మంచి తేనె అరచెంచా కలిపి మూడు రోజులు ఇవ్వవచ్చును. తగ్గకపోతే వైద్యునికి చూపవలెను.

ఇక బరువు తగ్గించే విషయం. తక్కువ బరువు తరగతిలో పోటీ చేయడానికి ఒకటి రెండు రోజులు నీరు మానివేయడం, ప్లాస్టిక్ కోటు తొడుక్కొని పరుగెత్తడం మన పిల్లలకూ సోకింది. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు ఇట్లా బరువు తగ్గించుకుంటూ మరణించారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ అంతిమ పోటీకి ముందు వినేశ్ ఫోగట్ వంద గ్రాముల అధిక బరువుతో అనర్హురాలైనప్పుడు దేశమంతా దుఃఖించింది. అది చూసి మన పిల్లలు నేర్వవలసినది మరింత కఠినంగా ఎండబెట్టుకొనడం కాదు. పెరిగే వయసులోని బిడ్డ తన సహజమైన బరువు తరగతిలోనే ఆడాలి. క్షయము, రూక్షత, ఆకలితో శ్రమ అని చరకుడు చెప్పిన కారణాలు ఒక్కచోట చేరే సందర్భమిది. ఆరు వారాలు సాధించిన ఊపిరి బలం రెండు రోజుల ఉపవాసంతో పోతుంది.

తల్లిదండ్రుల సందేహాలు

బలానికి లేహ్యం పెట్టవచ్చునా? పెట్టవచ్చును, వైద్యుడు చూసి ఇచ్చినదైతే. పెన్నేరు గడ్డ, అనగా అశ్వగంధ, బలకరమైనదే. కాని పద్దెనిమిదేళ్ళలోపు వారికి మాత్రను వైద్యుడే నిర్ణయించవలెను. పేరులేని పొడులను శిక్షణకేంద్రాల వద్ద కొనరాదు. వాటిలో స్టెరాయిడ్లు కలిపే మోసం ఉన్నది.

ఆయుర్వేద మందులతో డోపింగు భయం లేదు కదా? ఉన్నది. విషముష్టి గింజలలోని స్ట్రిక్నిన్ క్రీడాకారులకు నిషిద్ధం. అగ్నితుండీవటిలో విషముష్టి ఉంటుంది. కొన్ని శ్వాసరోగ ఔషధాలలో వాడే సోమలతలోని ఎఫిడ్రిన్ పోటీకాలంలో పరిమితి మించితే నిషిద్ధం. పోటీలకు వెళ్ళే పిల్లల విషయంలో మందు పేరుతో పాటు అందులోని ద్రవ్యాలను అడిగి తెలుసుకొనవలెను. మందు ఇచ్చే వైద్యునికి పిల్లవాడు పోటీలకు వెళతాడని ముందుగా చెప్పవలెను.

ఆస్తమాకు పీల్చే మందు మానిపించవచ్చునా? మానిపించరాదు. సాల్బుటమాల్‌ను ఇన్‌హేలరు ద్వారా రోజుకు 1600 మైక్రోగ్రాములకు మించకుండా, ఎనిమిది గంటలలో 600 దాటకుండా పీల్చడానికి క్రీడానియమాలు అనుమతిస్తాయి. ఇతర మందుల సంగతి వైద్యునితో విచారించవలెను. శ్వాససాధన మందుకు తోడే గాని బదులు కాదు.

ఆడపిల్లలు ఋతుకాలంలో చేయవచ్చునా? మొదటి మెట్టు నిరాటంకంగా చేయవచ్చును. మిగతావి శరీరస్థితిని, ఇష్టాన్ని బట్టి. నెలసరి ఆగిపోయినట్లయితే అది బలానికి గుర్తు కాదు, తిండి చాలడం లేదనడానికి గుర్తు కావచ్చును. వెంటనే వైద్యురాలికి చూపవలెను.

వ్యాయామ ఫలాలుగా చరకుడు లాఘవము, కర్మసామర్థ్యము, స్థైర్యము, కష్టాన్ని ఓర్చే శక్తి, అగ్నివృద్ధి అని చెప్పాడు. మితిమీరిన వ్యాయామం చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహంవలె నశిస్తాడని కూడ శాస్త్రమే హెచ్చరించింది. ఈ వారం ఇంట్లో పిల్లవానిని పడుకోబెట్టి, పొట్టపై ఒక పుస్తకం ఉంచి, ఊపిరితో అది లేస్తున్నదో లేదో చూడండి. లేవకపోతే సాధన అక్కడి నుండి మొదలుపెట్టించండి.